గూడవల్లి రామబ్రహ్మముగారు – పల్నాటి బాలుడు

యుద్ధములను గూర్చి మనము చదువు చరిత్ర పుస్తకములలో రాజుల పేర్లును, సేనల లెక్కలును, గెలుపోటముల సంవత్సరములును ఉండును. ఆ యుద్ధము సాగుచున్న దినములలో వీధిని ఆడుకొనుచుండిన పిల్లవాని గతి యేమయ్యెనో ఆ పుస్తకములు సాధారణముగా చెప్పవు. తెలుగుదేశమున ఆ పిల్లవానిని మరువని కథ యొకటి కలదు. అది పల్నాటి వీరుల కథ. దానిని చలనచిత్రముగా తీయ పూనుకొని, పని ముగియక మునుపే కన్నుమూసిన దర్శకులు గూడవల్లి రామబ్రహ్మముగారు. వారి జీవితమును మా విద్యార్థుల కొరకు సంగ్రహముగా వ్రాయ సంకల్పించితిమి. సినిమా తారల పేర్లు మన బాలురకు కంఠస్థములు. తెర వెనుక నిలిచి ఆ తెరకు ఒక ధర్మమును నేర్పిన వారి పేరు మాత్రము పలువురెరుగరు. ఆ కొరతను కొంతయైనను తీర్చుట మా యుద్దేశము.

పల్నాడు మనకు దూరదేశము కాదు. కృష్ణానది మహబూబునగరు సీమలో తెలంగాణమున ప్రవేశించి, నల్లగొండ సీమకు దక్షిణపుటెల్లయై ప్రవహించును. మూసీనది కృష్ణలో కలియు వాడపల్లి యొద్ద గట్టున నిలిచి చూచినచో ఆవల కనబడునది పల్నాడే. 1947వ సంవత్సరము వరకు ఈ గట్టు నైజాము ఏలుబడిలోను, ఆ గట్టు ఆంగ్లేయుల ఏలుబడిలోను ఉండెను. రాజ్యములు వేరైనను నేల ఒక్కటే: రాయి, ఎండ, జొన్నచేను, దూరపు బావి. 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. 1967లో కాలువలకు నీరు విడువబడెను. నేడు ఎడమకాలువ నల్లగొండ పొలములను, కుడికాలువ పల్నాటి పొలములను తడుపుచున్నవి. ఒకే నీటిని త్రాగు ఇరుగుపొరుగువారి కథ గనుక ఇది మన కథయే యని చెప్పుట తప్పు కాదు.

రామబ్రహ్మముగారు 1902వ సంవత్సరమున కృష్ణాజిల్లాలోని నందమూరు గ్రామమున జన్మించిరి. వారు యౌవనమున అడుగిడు నాటికి దేశమంతయు గాంధీమహాత్ముని సహాయ నిరాకరణోద్యమముచే కదలుచుండెను. మరియొక వైపున కులభేదములను, మూఢాచారములను ప్రశ్నించు సంస్కారవాదులు కృష్ణాతీర గ్రామములలో సభలు జరుపుచుండిరి. త్రిపురనేని రామస్వామి చౌదరిగారి రచనలు యువకుల చేతులలో నుండెను. ఈ రెండు గాలుల నడుమ పెరిగినవాడు ఊరకుండజాలడు. రామబ్రహ్మముగారు కలము పట్టిరి. మద్రాసున సమదర్శిని పత్రికకును, పిదప ప్రజామిత్ర పత్రికకును సంపాదకులై పేరు గాంచిరి. పత్రికాలయమే వారికి కళాశాల యయ్యెనని చెప్పవచ్చును. లోకమున జరుగు అన్యాయమును కనిపెట్టుట, దానిని సామాన్యునకు అర్థమగు మాటలలో చెప్పుట, చెప్పినందుకు వచ్చు కోపమును భరించుట, ఈ మూడు పాఠములను వారచట నేర్చుకొనిరి. తరువాతి కాలమున వారు తీసిన చిత్రములలో ఈ మూడును కనబడును.

కాని పత్రికకు ఒక హద్దు కలదు. చదువు రానివానికి పత్రిక నల్లని గీతల కాగితము మాత్రమే. ఆ దినములలో మన జనులలో నూటికి తొంబదిమందికి మించి చదువు లేనివారు. అట్టివారికి ఒక సంగతి చెప్పవలయునన్న తోలుబొమ్మలాట, వీధిభాగవతము, హరికథ, వీటికి తోడు క్రొత్తగా వచ్చిన టాకీ మాత్రమే దారులు. తెలుగున మొదటి టాకీ భక్తప్రహ్లాద 1932వ సంవత్సరమున వెలువడెను. ఆ తరువాత కొన్నియేండ్ల వరకు తెరమీద దేవతలు, రాక్షసులు, ఋషులు తప్ప నేటి మనుష్యులు అరుదుగా కనబడిరి. నాటకములలో పద్యములు పాడి పేరొందిన నటులే తెరమీదను పద్యములు పాడుచుండిరి. జనులును అదియే కోరుచుండిరి. డబ్బు పెట్టువారును అదియే కోరుచుండిరి. పత్రికాసంపాదకుడైన రామబ్రహ్మముగారు ఆ రంగమున ప్రవేశించి, మద్రాసులోని చిత్రసంస్థలలో మెలగి, ఆ పని యొక్క మెలకువలను తెలిసికొనిరి.

చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాదు బహదూరుగారు సారథి ఫిలిమ్సు అను సంస్థను నెలకొల్పిరి. రామబ్రహ్మముగారు ఆ సంస్థ తరఫున 1938వ సంవత్సరమున మాలపిల్ల యను చిత్రమును తీసిరి. ఆ పేరు వినుటతోనే నాడు పలువురు చెవులు మూసికొనిరి. కథ గుడిపాటి వెంకటచలముగారిది, మాటలు తాపీ ధర్మారావుగారివి, నాయిక కాంచనమాల, అర్చకుడైన సుందరరామశాస్త్రిగా గోవిందరాజుల సుబ్బారావుగారు. అర్చకుని కుమారుడు హరిజన కన్యను వివాహమాడుట, హరిజనులు దేవాలయప్రవేశమునకై నిలుచుట అందలి విషయములు. తిరువాన్కూరు సంస్థానమున దేవాలయ ద్వారములను అందరికి తెరచిన ప్రకటన వెలువడి అప్పటికి రెండేండ్లే యయ్యెను. కనుక ఇది పాతపడిన వాదము కాదు; ఊరూర మండుచున్న నిప్పు. ఆ నిప్పును తెరకెక్కించుటకు గుండె కావలెను. చిత్రము ఘనవిజయమందెను. పాత్రలు వాడుకభాషలో మాటలాడుట కూడ ఆ నాటికి వింతయే.

మరుసటి యేడు, అనగా 1939లో, వారు రైతుబిడ్డ యను చిత్రమును తీసిరి. జమీందారుల చేతులలో రైతులు పడు బాధ దానిలోని విషయము. బళ్లారి రాఘవగారంతటి నటులు దానిలో పాత్ర ధరించిరి. టంగుటూరి సూర్యకుమారి పాడి నటించెను. కొసరాజు రాఘవయ్య చౌదరిగారు పాటలు వ్రాసిరి. కొందరు జమీందారులు ఆగ్రహించిరి. కొన్ని తావుల ఆ చిత్రమును ప్రదర్శింపకుండ నిషేధమును విధించిరి. జమీందారుల దుష్కృత్యములను చూపు చిత్రమునకు ధనమిచ్చినవారు కూడ ఒక జమీందారే యగుట చరిత్రలోని చిత్రములలో నొకటి. రామబ్రహ్మముగారు ధనమిచ్చినవారి ముఖము చూచి తమ కథను దిద్దుకొను స్వభావము కలవారు కారని దీనివలన తెలియుచున్నది.

పిదప ఇల్లాలు 1940లోను, అపవాదు 1941లోను, పత్ని 1942లోను, పంతులమ్మ 1943లోను వెలువడినవి. పత్ని, తమిళ దేశమున ప్రసిద్ధమైన కణ్ణగి కథ. ఈ సంవత్సరములను చూడుడు. ఇవి రెండవ ప్రపంచసంగ్రామపు సంవత్సరములు. 1942 ఏప్రిలు మాసమున జపానువారి విమానములు వచ్చి పడునను భయముచే మద్రాసు నగరము సగము ఖాళీ యయ్యెను. చిత్రశాలలు మూతపడినవి. సముద్రము మీదుగా రావలసిన ముడిఫిలుము కరవయ్యెను. చిత్రముల నిడివి 11,000 అడుగులకు మించరాదని ప్రభుత్వము ఆజ్ఞాపించెను. అది తెరమీద రెండు గంటల కాలము మాత్రమే. అంతకు ముందు మూడు గంటల చిత్రములకు అలవాటుపడినవారు ఇప్పుడు ప్రతి అడుగును లెక్కించి తీయవలసి వచ్చెను. ఇట్లు యుద్ధము అనునది రామబ్రహ్మముగారికి పత్రికలోని వార్త మాత్రమే కాదు. వారి చేతిలోని పనిముట్టును సైతము లాగికొన్న శక్తి. ఆ కరవు దినములలోనే వారు కాంభోజరాజు కథను మాయాలోకము అను పేర తీసి 1945లో విడుదల చేసిరి. అందు ఒక యువకుని నాయకునిగా నిలిపిరి. అతడే అక్కినేని నాగేశ్వరరావు. అప్పటికి అతడు ఇరువది యేండ్లు దాటిన క్రొత్త నటుడు.

1945లో ప్రపంచయుద్ధము ముగిసెను. పట్టణములు బూడిదయైనవి, తల్లిదండ్రులు లేని బిడ్డలు దేశదేశముల వీధులలో మిగిలిరి. ఆ సమయముననే రామబ్రహ్మముగారు పల్నాటి యుద్ధమును తమ తదుపరి చిత్రమునకు కథగా గైకొనిరి. ఇది చారిత్రకము, ఆయన ఇంతకు ముందు తీసిన సాంఘికములకు, జానపదమునకు భిన్నమైనది. కాని ఆ కథను తెలిసినవారికి అది వారు నడచుచుండిన బాటకు వెలియైనది కాదని తోచును. కావున ఇచట ఆ కథను క్లుప్తముగా చెప్పుట అవసరము.

పండ్రెండవ శతాబ్దము చివర, పల్నాటి నేలిన అనుగురాజునకు పిమ్మట ఆయన కుమారుల మధ్య పంపకములు జరిగినవి. నలగామరాజునకు గురుజాల, ఆయన సవతితమ్ముడైన మలిదేవరాజునకు మాచెర్ల లభించినవి. గురుజాలలో మంత్రిత్వము నాయకురాలు నాగమ్మది. మాచెర్లలో పెత్తనము బ్రహ్మనాయునిది. బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒకే చాపమీద కూర్చుండబెట్టి భోజనము పెట్టించెను. దానినే చాపకూడు అందురు. మాలకులమున పుట్టిన కన్నమదాసును కుమారునివలె చూచి సేనలో ముందు నిలిపెను. ఇట్టి గొప్ప సంస్కర్త కోడిపందెమునకు ఒప్పుకొనెను. పందెమున ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచిపోవలెను. మాచెర్లవారు ఓడిరి, పోయిరి. గడువు తీరిన పిదప తమ పాలు తమకిమ్మని అడుగుటకు అలరాజును రాయబారిగా పంపిరి. అతడు నలగామునికి స్వయముగా అల్లుడు. అయినను రాయబారిగా పోయినవాడు తిరిగి రాలేదు, విషముచే చంపబడెను. అంతట సేనలు కారెంపూడి యొద్ద నాగులేటి గట్టున మోహరించినవి.

ఈ సేనలు మోహరించిన సంగతి బ్రహ్మనాయుని కుమారుడైన బాలచంద్రునకు తెలియదు. తల్లి ఐతాంబ దానిని దాచెను. బిడ్డ యుద్ధమునకు పోవునను భయము ఆమెది. బాలుడు తోటివారితో బొంగరములాడుచుండెను. అతడు విసరిన బొంగరము దారిని పోవు ఒక స్త్రీ కాలికి తగిలి గాయము చేసెను. ఆమె బాధతో, తండ్రులు పోరాడుచుండగా ఆటలాడుచున్నావా యని దెప్పిపొడిచెను. ఆ మాటతో ఆ బాలుని బాల్యము ముగిసెను. అతడు ఇంటికి వచ్చి తల్లిని అడిగెను. తల్లి చెప్పక తప్పినది కాదు. భార్యయైన మాంచాల కత్తినిచ్చి సాగనంపెను. బ్రాహ్మణ బాలుడైన అనపోతు అతని ప్రాణమిత్రుడు. మిత్రుడు చావకూడదని బాలచంద్రుడు ఏదో నెపమున అతనిని వెనుకకు పంపి తాను ముందుకు సాగెను. మోసపోయితినని తెలిసికొని అనపోతు ప్రాణములు విడిచెను. రణమున పెద్దలు సంధిమాటలాడుచుండగా బాలచంద్రుడు ఒప్పుకొనలేదు. పోరు సాగెను, అతడు పడెను. వానితోడి బాలురు పడిరి. ఇరుపక్షములును నశించినవి. బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలములోనికి పోయెనని జనులు చెప్పుకొందురు. పల్నాటి వీరులు నశించిన కొలది కాలమునకే ఆ ప్రాంతము ఓరుగల్లు కాకతీయుల ఏలుబడిలోనికి వచ్చెను. ఎవరి నేల కొరకై కొట్లాడిరో ఆ నేల ఇద్దరికిని దక్కలేదు.

ఈ కథను పదునైదవ శతాబ్దమున శ్రీనాథుడు ద్విపదలో రచించెననుట ప్రసిద్ధము. అక్కిరాజు ఉమాకాంతముగారు దానిని పరిష్కరించి 1911వ సంవత్సరమున అచ్చొత్తించిరి. అచ్చుకు మునుపును, తరువాతను, ఈ కథను తరతరములుగా నిలిపినవారు వీరవిద్యావంతులు. వీరు చాపమీద కూర్చుండనీయని కులములనుండి వచ్చినవారే. ఏటేట కార్తికమాసమున కారెంపూడి వీరుల గుడియొద్ద ఐదుదినముల యుత్సవము జరుగుచున్నది. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఆ దినములకు పేర్లు. మందపోరునాడు చాపకూడును స్మరింతురు. కోడిపోరునాడు కోడిపందెమును స్మరింతురు. మేలును కీడును ఒకే పండుగలో నిలుపుకొన్న జనులు వారు.

ఇప్పుడు రామబ్రహ్మముగారు ఈ కథను ఏల ఎన్నుకొనిరో ఊహింపవచ్చును. మాలపిల్లలో కులభేదమును ఎదిరించినవారికి, ఏడువందల యేండ్ల వెనుక అందరికి ఒకే చాప పరచినవాడు ఆప్తుడు కాకపోవునా? కాని కథలో అంతకంటె కఠినమైన సంగతి యున్నది. చాపకూడు పెట్టిన చేయియే కోడిని బరిలోనికి వదలెను. సంస్కారము గలవాడును పంతమునకు లోబడినపుడు తాను కట్టిన మంచి యంతయు కూలిపోవును. ఆ పంతమునకు మూల్యము చెల్లించినది మాత్రము పంతములో పాలులేని బాలుడు. సంస్కారమును ఇల్లు కట్టుట యనుకొనినచో పంతము ఆ యింటికి నిప్పు పెట్టుట. 1946లో మన దేశము స్వాతంత్ర్యపు గడపలో నిలిచియుండగా, తోబుట్టువుల వంటి వర్గములు పంపకములకై తగవులాడుచుండగా, ఈ కథను చెప్పుట ఎంత సమయోచితమో చదువరులే తెలిసికొనగలరు.

చిత్రము శారదా ప్రొడక్షన్సు పేరున ఆరంభమయ్యెను. మాటలు, పాటలు సముద్రాల రాఘవాచార్యులుగారివి. సంగీతము గాలిపెంచల నరసింహారావుగారిది. బ్రహ్మనాయునిగా గోవిందరాజుల సుబ్బారావుగారు, నాగమ్మగా కన్నాంబగారు, నలగామునిగా ముదిగొండ లింగమూర్తిగారు, మాంచాలగా ఎస్. వరలక్ష్మి, బాలచంద్రునిగా అక్కినేని నాగేశ్వరరావు నటించిరి. చరిత్రచిత్రము తీయుట సులభము కాదు. సాంఘికచిత్రమునకు వీధిలోని ఇల్లు చాలును. చరిత్రచిత్రమునకు ప్రతి కత్తి, ప్రతి తలపాగా, ప్రతి తలుపు క్రొత్తగా చేయించవలెను. యుద్ధమును చూపుటకు గుంపులు కావలెను. గుంపులు పట్టునంత తావు కావలెను. వారి కందరికి అన్నము పెట్టవలెను. ఇప్పటివలె యంత్రముచే పదిమందిని పదివేల మందిగా చూపు ఉపాయము అప్పుడు లేదు. ఫిలుము ఖరీదు అధికము. చెడిన దృశ్యమును మరల తీయుటయన్న ధనము పోవుటయే.

ఈ శ్రమల నడుమ రామబ్రహ్మముగారి ఆరోగ్యము చెడెను. చిత్రము సగములో నుండగా వారు మంచమెక్కిరి. 1946వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన స్వర్గస్థులైరి. అప్పటికి వారి వయస్సు నలువది నాలుగేండ్లు. మాలపిల్ల మొదలు పల్నాటి యుద్ధము వరకు వారు చేపట్టిన చిత్రములు ఎనిమిది మాత్రమే. మిగిలిన భాగమును ఎల్. వి. ప్రసాదుగారు పూర్తిచేసిరి. బొంబాయిలో పనినేర్చి తెలుగు చిత్రరంగమునకు తిరిగివచ్చిన ఆయన తరువాతి కాలమున గొప్ప దర్శకులై వెలసిరి. 1947వ సంవత్సరము ఫిబ్రవరిలో చిత్రము విడుదలయై జనాదరణ పొందెను. చేతిలోని పనిని విడిచి పోవలసివచ్చినవానికి, ఆ పని చెడకుండ మరియొకరు ముగించుటకంటె మేలైన నివాళి లేదు. అదే కథను 1966లో గుత్తా రామినీడుగారు మరల తీసిరి. అందు బ్రహ్మనాయుడు నందమూరి తారకరామారావుగారు, నాగమ్మ భానుమతిగారు. తొలి బాలచంద్రుడైన నాగేశ్వరరావుగారు తెలుగుతెర కెల్ల అగ్రనటులలో నొకరై 2014వ సంవత్సరమున గతించిరి.

మేము ఈ కథను తరగతిలో చెప్పునపుడు ఒక చిక్కు కలుగుచుండును. బాలురందరును బాలచంద్రుని పక్షమే వహింతురు. బొంగరము విడిచి కత్తి పట్టినచోట వారి కన్నులు మెరయును. వారిని తప్పుపట్టజాలము, ధైర్యమును మెచ్చని బాలుడు బాలుడా? కాని ఉపాధ్యాయుల పని మెరయు కన్నులను మరియొక వైపునకు కూడ త్రిప్పుట. ఆ స్త్రీ కాలికి గాయము చేసినది బొంగరము. అది ఆరిపోవు గాయము. ఆమె మాట బాలునికి చేసిన గాయము ఆరలేదు. బాలునికి సిగ్గు కలిగించి యుద్ధమునకు పంపిన ఊరు, యుద్ధమునకు కారణమైన పెద్దలను సిగ్గుపరుపలేదు. కోడిపందెమును ఆపుమని చెప్పినవాడు ఒక్కడును బలముగా నిలువలేదు. తల్లి ఐతాంబ ఒక్కతెయే తనకు చేతనైన విధమున బిడ్డను కాపాడ చూచెను. అందుకు ఆమె దాపరికము అను చిన్న ఉపాయము తప్ప వేరొకటి దొరకలేదు. మా మటుకు మేము ఈ కథలో బాలచంద్రుని ధైర్యమును ఎంత మెచ్చుదుమో, ఐతాంబ భయమును అంత గౌరవింతుము. వీరుని పాట పాడు దేశము ఆ తల్లి భయమును కూడ పాడవలెను.

ఇది ఎనిమిదివందల యేండ్ల వెనుకటి సంగతి యని త్రోసిపుచ్చుటకు వీలులేదు. రామబ్రహ్మముగారు మంచముననుండిన ఆ 1946లోనే, జూలై 4వ తేదీన, అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పులలో మరణించెను. అచటినుండి 1951 వరకు ఈ సీమలో సాయుధపోరాటము సాగెను. ఆ దినములలో పెద్దలతోపాటు పిల్లలును వడిసెలలు పట్టిరి, కబురులు మోసిరి, ఇండ్లు కాలుట చూచిరి. పిల్లవాడు మేకలను కాయుచు పోవుచుండిన ఎవడును అనుమానింపడు గదా యని వానిచేత చీటి పంపువారు ఉండిరి. ఆ పోరాటమును తరువాత మాభూమి యను చిత్రముగా తీసిరి. అది 1980లో విడుదలయ్యెను. కృష్ణచందరుగారి ఉర్దూనవల దానికి ఆధారము, గౌతమ ఘోషుగారు దర్శకులు, నిర్మాతలలో బి. నరసింగరావుగారొకరు. వెట్టిచాకిరి చేయు కుటుంబమున పుట్టిన రామయ్య యను బాలుడు పెరిగి పోరాటమున చేరుట అందలి కథ. కృష్ణకు ఆవలి గట్టున బాలచంద్రుడు, ఈవలి గట్టున రామయ్య. ఒకడు రాజుల తగవులో పడెను. రెండవవాడు కూడు, నేల, మానము కొరకు నిలిచెను. కారణములు సమానములు కావు. అయినను ఇద్దరి బాల్యమును హరించినది పెద్దల లోకమే.

ఇతర దేశములవారును ఇదే బాటను పిదప కనుగొనిరి. ఇటలీ దర్శకుడు రొసెల్లినీ, కూలిపోయిన బెర్లిను నగరములో ఒక బాలుడు తిరుగాడుటను చిత్రముగా తీసి 1948లో చూపెను. రష్యా దర్శకుడు తర్కోవ్‌స్కీ 1962లో, యుద్ధమున వేగువాడుగా పనిచేసిన ఇవాను అను పిల్లవాని కథను తీసెను. ఈ చిత్రములు లోకప్రసిద్ధములు. వీనికి మునుపే, ముడిఫిలుము కరవునుండి అప్పుడే తేరుకొనుచున్న మద్రాసులో, మన తెలుగువారు ఒక బొంగరమునుండి యుద్ధమునకు సాగిన బాలుని కథను తెరకెక్కించిరి. ఇది అతిశయోక్తి కాదు, సంవత్సరములే సాక్ష్యము. అయితే ఒక భేదము కలదు. ఆ దేశములవారు బాలుని కన్నీటితో చూచిరి. మనము వీరగాథలో పుట్టినవారము గనుక వీరునిగా చూచితిమి. రెండు చూపులును కలిసినప్పుడే నిజము పూర్ణమగును.

రామబ్రహ్మముగారి గుణములను గూర్చి ముగింపుగా రెండు మాటలు. వారు తేలికయైన దారిని ఎన్నుకొనలేదు. పౌరాణికములు డబ్బు తెచ్చు దినములలో మాలపిల్ల తీసిరి. జమీందారు ధనముతో రైతుబిడ్డ తీసిరి. చారిత్రకములు అరుదైన దినములలో పల్నాటి యుద్ధము చేపట్టిరి. ఏ పనిని చేపట్టినను దానిలో బలహీనుని పక్షమును వెదకిరి: మాలపిల్లలో అంటరానివాడు, రైతుబిడ్డలో కౌలుదారు, పల్నాటి యుద్ధములో బాలుడు. కలముతో మొదలిడిన పనినే తెరతో సాగించిరి. పేరు కొరకు పనిచేసినవారు కారు గనుకనే కాబోలు, పేరు వారికంటె వారి నటులకు ఎక్కువగా దక్కెను.

విద్యార్థులారా, మీలో పలువురు దేవరకొండ, మిర్యాలగూడ, అచ్చంపేట, కల్వకుర్తి సీమల గ్రామములనుండి వచ్చినవారు. మీ వీధులలో బొంగరములు ఇంకను తిరుగుచున్నవి. తిరుగనిండు. ఊరిలో పంతములు పుట్టినపుడు, పొలముగట్టు తగవులలో అన్నదమ్ములు మాటలు మానినపుడు, ఎన్నికల నాడు ఇరుపక్షములు కర్రలు పట్టినపుడు, ముందుకు త్రోయబడువారు ఎవరో మీరు గమనింపుడు. త్రోయబడుటకు మీరు ఒప్పుకొనకుడు. పెద్దవారైన పిదప త్రోయువారు కాకుడు. ఒకే చాపమీద కూర్చుండి భోజనము చేయుటను బ్రహ్మనాయునివలన నేర్చుకొనుడు. కోడిని బరిలోనికి వదలకుండుటను బ్రహ్మనాయుని తప్పిదమువలన నేర్చుకొనుడు. మాటలతో చెప్పిన చదువు కొందరికే చేరునని తెలిసి, అందరికి చేరు తెరను పట్టుకొని, నలువది నాలుగేండ్లకే అలసి పరుండిన గూడవల్లి రామబ్రహ్మముగారిని కృతజ్ఞతతో తలచుకొనుడు.